పెంటయ్య బండి చప్పుడు

పెంటయ్య ఇరవై రెండేళ్ళు పరాయివాళ్ళ బండ్లు నడిపాడు. ముందు కాంట్రాక్టర్ల జీపులు, తర్వాత ఆఫీసర్ల అంబాసిడర్లు, మాదాపూర్‌లో గాజుమేడలు లేచాక కంప్యూటర్ ఉద్యోగుల క్యాబులు. ఎవరి బండి అయినా సరే, తుడవకుండా ఎక్కేవాడు కాదు. అద్దాలు, సీట్లు తుడవడంతో ఆగేవాడు కాదు. బానెట్ ఎత్తి, ఇల్లాలు పొయ్యిగట్టు తుడుచుకున్నట్టు ఇంజన్ కూడా మూలమూలలా తుడిచేవాడు. జనగామ నుంచి హైదరాబాదు వచ్చిన మొదటి ఏడు ఒక దొర, బండి మురికిగా ఉందని నలుగురిలో తిట్టాడట. అప్పటి నుంచి పట్టుకున్న అలవాటు అది.

ఆ ఏడు ఉగాది ముందు అతనికి సొంత బండి వచ్చింది. కోకాపేట అవతల కొత్త మేడలు కట్టేచోట రోడ్లుండవు. ఇంజనీర్లను ఆ బురదలోకి తీసుకుపోవడానికి నాలుగు చక్రాలూ లాగే డీజిల్ బండి ఉంటే ఏడాదంతా పని ఇస్తామని ఒక కంపెనీ అంది. ఊళ్ళో మిగిలిన అరెకరం అమ్మి, కొండాపూర్‌లో పాత బండ్లు అమ్మే షోరూంలో అలాంటిది కొన్నాడు. పాతదే అయినా ఇంజన్‌కు ఆరు నెలలు వారంటీ ఇచ్చారు.

అయిదో నెల దాటాక చప్పుడు మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మంటూ, దాని వెనక ఎవరో రొప్పుతున్నట్టు ఉండేది. కాసేపు నడిచి ఇంజన్ వేడెక్కితే ఏమీ లేనట్టు ఊరుకునేది. వారంటీ ఇంకో వారం ఉందనగా పెంటయ్యకు గుబులు పట్టుకుంది. ఇంజన్ పోతే బాగుచేయించుకునే శక్తి లేదు. బండి అమ్ముకుని మళ్ళీ ఇంకొకరి బండి ఎక్కాల్సిందే.

అతను ఉండే చందానగర్ నుంచి షోరూం వాళ్ళ వర్క్‌షాపు చేరేసరికి ఇంజన్ వేడెక్కిపోయింది. బండ్లు చూసి కాగితం రాసే పెద్దమనిషి పేరు రామబ్రహ్మం. భీమవరం వైపు మనిషి. ఇంజన్ మీదికి వంగి, కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఏమీ వినబడట్లేదండి.”

“ఏడెక్కింది సార్. సల్లగున్నప్పుడే మోగుతది.”

“అలాగైతే రాత్రికి ఉంచి వెళ్ళండి. పొద్దున చల్లటి ఇంజన్ నేనే స్టార్ట్ చేస్తాను.”

పెంటయ్య ఇంజన్ ఒకసారి శుభ్రంగా తుడిచి తాళం ఇచ్చాడు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. మర్నాడు మంగళవారం, తెల్లవారుతూనే బయల్దేరి కొండాపూర్ దాకా నడిచాడు. రామబ్రహ్మం తాళం తిప్పాడు. చప్పుడు వచ్చింది. పెంటయ్యకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

“విన్నానండి,” అన్నాడు రామబ్రహ్మం. “కానీ పాత డీజిల్ బండి పొద్దుటిపూట ఎంతోకొంత మోగుద్ది. వారంటీ కంపెనీ వాళ్ళు శబ్దానికి డబ్బివ్వరు, లోపానికే ఇస్తారు. ఆ లోపం నేను ఫొటో తీసి పంపాలి.”

టార్చి వేసి ఇంజన్ అంతా వెతికాడు. వెతికి వెతికి తలెత్తాడు.

“ఇంత శుభ్రమైన ఇంజన్ ఈ షెడ్డులో నేనెప్పుడూ చూడలేదండి. చమురు చుక్క లేదు, మసి మరక లేదు. ఏమని రాయమంటారు?”

అంత దిగులులోనూ పెంటయ్యకు ఆ మాట ఎక్కడో తీయగా తగిలింది. అయితే బండి బయటికి తీస్తుంటే రామబ్రహ్మం నంబరు ప్లేటు వైపు చూశాడు. అందరిలాగే పెంటయ్య కూడా ఏపీ మీద టీజీ అని స్టిక్కర్ అంటించాడు. ఆ చూపు మనసులో ముల్లై కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చి భార్య లచ్చమ్మతో అదే అన్నాడు. లచ్చమ్మ ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసి అప్పుడే వచ్చింది. కరెంటు లేదు. ఇంటి వెనక వెలుతురు ఉండగానే బండి తుడిచే గుడ్డలు ఉతుకుతోంది.

“టీజీ చూసిండే. గందుకే రాస్తలేడు. ఆంధ్రాయన గద.”

“చూస్తే చూడనీ. చప్పుడైతే ఇన్నడు గద. అబద్ధమైతే ఆడలే.”

“నువ్వు గా అయ్యకే వంత పాడు.”

లచ్చమ్మ చేతిలో గుడ్డను రాయి మీద బాది, పిండి, వెలుతురుకు పట్టి చూసింది.

“ఇది పోతలేదు,” అంది. “చమురు మరకైతే సబ్బుకు పోతది. ఇది కుండ అడుగు మసి లెక్కుంది. నెల నుంచి గిట్లనే వస్తుంది.”

“ఇంజనన్నంక మసి రాదా?”

“ఆ క్యాబుల గుడ్డలు కూడ నేనే ఉతికిన. గిట్ల ఎన్నడు రాలే.”

ఆమె ఆ మరకను వేలితో రాసి చూసుకుంది. గుడ్డ చేతిలోనే ఉంది. మళ్ళీ నోరు తెరిచినప్పుడు బండి మాట కాకుండా అత్త మాట ఎత్తింది. పెంటయ్య తల్లి పోయి రెండేళ్ళయింది. ఇద్దరూ ఆ మాట తొందరగా ఎత్తరు.

“అత్తను దవాఖానకు తీస్కపోయిన నాడు నేనేం జేసిన? తానం పోసిన. తల దువ్విన. ఉతికిన చీర కట్టిన. దగ్గినప్పుడు పట్టిన గుడ్డ, నెత్తురంటిందని ఎవలకు కనవడకుంట పొయ్యిల ఏసిన. డాక్టరమ్మ చూసి, మంచిగనే ఉంది ముసలమ్మ అన్నది. అత్త కూడ సిగ్గుకు ఏం చెప్పలే. ఆ గుడ్డ చూపెడితే తెలుస్తుండె కావచ్చు.”

పెంటయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“నువ్వు కూడ గదే చేస్తున్నవ్,” అంది లచ్చమ్మ మెల్లగా. “తుడిచి, నీటుగ జేసి తీస్కపోతున్నవ్. ఇగ ఆయనకేం కనవడతది?”

ఆ రాత్రి నుంచి ఇంజన్ తుడవడం మానేశాడు. మానేశాడంటే, లచ్చమ్మ మాన్పించింది. గుడ్డలన్నీ బియ్యం డబ్బా వెనక దాచింది. పొద్దున్నే బానెట్ ఎత్తితే అతని చెయ్యి దానంతటదే గుడ్డ కోసం తడిమేది. గురువారానికి ఇంజన్ పైన, మూడో ఇంజెక్టరు చుట్టూ నల్లగా తారులా పేరుకోసాగింది. డీజిల్ చిమ్మే ఆ గొట్టం మొదట్లో అంత మసి చూసి, కన్నబిడ్డ ముక్కు కారుతుంటే తుడవకుండా నిలబడ్డట్టు నిలబడ్డాడు.

శుక్రవారం పోదామంటే, ఊరేగింపుకు భయపడి షోరూం వాళ్ళు షట్టరు తీయలేదు. ఇక మిగిలింది శనివారం ఒక్కటే. వారంటీకి అదే ఆఖరి రోజు, వర్క్‌షాపు ఒంటిగంట దాకే.

పదకొండింటికి కోకాపేట సైటు నుంచి బయల్దేరాడు. కొండాపూర్ ఇంకా రెండు మైళ్ళు ఉందనగా రోడ్డు నిండా జనం. రోడ్డు మధ్యనే రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం, పప్పు వండుతున్నారు. వంటావార్పు. ముందున్నవాడు నర్సయ్య, సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవరు. పెంటయ్య వాడకట్టువాడే.

“మేము బస్సులు బంద్ వెట్టి రోడ్డు మీద కూసుంటే, నువ్వు బండేస్కోని షికారు తిరుగుతున్నవా?” అన్నాడు నర్సయ్య.

“షికారు కాదన్నా. ఇంజన్ పరేషాన్ చేస్తుంది. ఇయ్యాల ఒంటిగంట దాటితే నా నెత్తినే పడతది.”

“గట్లనా. ఏదీ, బానెట్ లేపు.”

పెంటయ్య లేపాడు. నర్సయ్య లోపలికి చూసి మొహం చిట్లించాడు. “ఛీ, ఏందిది? నువ్వేనా పెంటయ్యా, గిట్ల పెట్టుకునేది?” అంటూ భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి పెట్టబోయాడు. పాత డ్రైవరు కదా, అతని చెయ్యీ ఆగదు. పెంటయ్య ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“ముట్టకు నర్సన్నా. నీ కాల్మొక్కుత. గది చూపెట్టనీకే పోతున్న.”

నర్సయ్య విచిత్రంగా చూశాడు. సంగతి విన్నాక పడీ పడీ నవ్వాడు. నవ్వినా, ఒక విస్తరి తిననిదే వదలలేదు. పెంటయ్య నిలబడే నాలుగు ముద్దలు మింగాడు. జనం జరిగి దారి ఇచ్చారు.

వర్క్‌షాపు షట్టరు సగం దించి ఉంది. రామబ్రహ్మం టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు. గోడ గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. పెంటయ్య మాటలేవీ చెప్పకుండా బానెట్ ఎత్తి పక్కకు జరిగాడు.

రామబ్రహ్మం సంచి కింద పెట్టాడు. వంగి, వేలితో ఆ నలుపును గోకి చూశాడు. ఒక మగ్గులో సబ్బునీళ్ళు కలిపి ఇంజెక్టరు మొదట్లో పోసి, స్టార్ట్ చేయమన్నాడు. బుడబుడమని నురగ పొంగింది. ఇంజన్ వేడి మీద చప్పుడు లేదు గానీ, బుడగ మీద బుడగ.

“ఇదిగోనండి మీ చప్పుడు. దీని కింద రాగి వాషరుంటుంది. అది పాడై, లోపల మండిన పొగ పైకి తన్నుకొస్తోంది. ఇలాగే నడిపితే ఇంజన్ పైభాగమే పోయేది. ఇన్నాళ్ళూ ఎలా కనబడలేదండీ ఇది?”

“రోజు తుడుస్తుంటి సార్.”

రామబ్రహ్మం అతని వంక చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాడు పెంటయ్య. నవ్వలేదు.

“తప్పు నాదీ ఉందండి. అంత శుభ్రంగా ఉంటే, ఎవరు తుడిచారని నేను అడగాలిగా. అడగలేదు.”

సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాడు. గదిలోకి వెళ్ళి, షట్టరు వేసే మనిషిని ఆగమని చెప్పి, కంపెనీవాళ్ళకు ఫోను చేశాడు. పెంటయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపల మాటలు వినబడుతున్నా అర్థం కాలేదు. అంతా ఇంగ్లీషు. రామబ్రహ్మం ఒకసారి గొంతు పెంచాడు. “టుడే ఈజ్ ఆల్సో డే” అన్న ముక్క మాత్రం పెంటయ్యకు తెలిసింది: ఈరోజు కూడా లెక్కలోదే అని.

బయటికి వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. “టైముకే తెచ్చారు, తారీఖు ఈరోజుదే వేశానండి. ఇంజెక్టరూ వాషర్లూ వారంటీలోనే మారుస్తారు. బండి ఉంచి వెళ్ళి, మంగళవారం వచ్చి చల్లటి ఇంజన్ మీరే స్టార్ట్ చేసి చూసుకోండి.”

పెంటయ్య సంతకం చేశాడు. రోడ్డు మీదికి వచ్చి లచ్చమ్మకు ఫోను చేశాడు.

“రాసుకున్నరే,” అన్నాడు.

అవతల లచ్చమ్మ ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది.

“మంచిగైతదంటనా?” అంది లచ్చమ్మ.

“అయితదంట. టైముకే తెచ్చినవన్నడు.”

ఆమె ఏడుస్తోందని అతనికి తెలిసింది. బండి కోసం కాదనీ తెలిసింది. ఎండలో అలాగే నిలబడి, ఆమె తేరుకునేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు.