సరోజమ్మ చూసిన ముఖం

అది 2022. చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నేను విగ్రహాలు చేస్తాను. రాతిపని మా ఇంట్లో తాతల నాటిది. దేవుళ్ళను రాతిలో చెక్కుతాను, మనుషులను ఫైబర్‌లో పోస్తాను. ఈమధ్య ఊరికొక నాయకుడు లేచి నిలబడుతున్నాడు కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా రెండో పనివల్లనే. దేవుళ్ళకు కొలతలు శాస్త్రంలో ఉన్నాయి, ఎవరూ పేచీ పెట్టరు. నాయకులకు శాస్త్రం లేదు, కమిటీ ఉంటుంది.

పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ముందు ఇనుప కడ్డీలతో ఆర్మేచర్ కడతాము. అంటే బొమ్మకు ఎముకల గూడు. దానిమీద బంకమట్టితో మనిషిని చేస్తాము. అదే క్లే మోడల్. కమిటీవాళ్ళు వచ్చి చూసి సరే అన్నాకే దానికి మోల్డ్, అంటే అచ్చు, తీస్తాము. అచ్చు తీసేటప్పుడు మట్టిబొమ్మ చెడిపోతుంది. అందుకని ఏం మార్చాలన్నా మట్టి తడిగా ఉన్నప్పుడే మార్చాలి. ఆ చూసే రోజుకు నాయకుణ్ణి బతికుండగా దగ్గర్నుంచి చూసినవాళ్ళను వెంటబెట్టుకు రమ్మంటాను. పెళ్ళిచూపుల్లో కూడా అంత రభస ఉండదు. ముక్కు ఇలా లేదని భార్య అంటుంది, ఇలాగే ఉండేదని తమ్ముడు అంటాడు.

ఆ ఏడు వేసవిలో ఐరాల దగ్గరి ఒక పల్లెనుంచి చెంచయ్య అనే మామిడితోటల రైతు వచ్చాడు. విగ్రహ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. వాళ్ళకు కామ్రేడ్ మునిస్వామి విగ్రహం కావాలి. మా ప్రాంతంలో ఆ పేరు వినని పెద్దవాళ్ళు లేరు. బీడుభూములు కూలివాళ్ళకు పంచాలని పోరాడి, తర్వాత తుపాకీ పట్టి అడవికి పోయి, పోలీసు కాల్పుల్లో పోయిన మనిషి. నా చిన్నప్పుడు సగం ఇళ్ళల్లో ఆ పేరు చెప్పి చేతులెత్తి మొక్కేవారు, మిగతా సగం ఇళ్ళల్లో మెటికలు విరిచేవారు.

"మా నాయన కూలోడుగా పుట్టి రైతుగా సచ్చినాడంటే అది ఆయన చలవే ఆచారీ," అన్నాడు చెంచయ్య.

వాళ్ళు తెచ్చింది ఒకే ఒక్క ఫొటో. చిన్నది, చెమ్మకు మసకబారింది. కళ్ళ దగ్గర రెండు మచ్చలు తప్ప ఏమీ లేవు. నేను పెద్దగా దిగులు పడలేదు. విప్లవకారుడంటే నా చేతికి ఒక వాటం అలవాటైపోయింది. పిడికిలి పైకి, జుట్టు గాలికి, కనుబొమ్మలు ముడి, కళ్ళల్లో నిప్పులు. రేణిగుంట రోడ్డులో ఆటోల వెనక అంటించుకునే టోపీ, గడ్డం ఉన్న విదేశీ వీరుడి చూపు ఉంటుంది చూడండి, దానికే కాస్త మన నీళ్ళు కలుపుతాను. కమిటీలకు అదే కావాలి.

పీఠానికి మూడు పలకలు కూడా అడిగారు. పలకమీద బొమ్మలు ఉబ్బెత్తుగా కనిపించే పని అది. మొదటిది కూలీల ఊరేగింపు, రెండోది అడవి. మూడోది ద్రోహికి శిక్ష. దళం జాడ పోలీసులకు చెప్పాడన్న అనుమానంతో మునిస్వామి ఒక భూస్వామి గుమాస్తాను కాల్చేశాడు. ఆ పలక కమిటీ కార్యదర్శి ప్రసాద్ కోరిక. కళాశాలలో చదువు చెప్పే కుర్ర లెక్చరరు, మాట పదును. గుమాస్తా మోకాళ్ళమీద కూలబడి చేతులు జోడించినట్టు చేశాను. బొజ్జ, గుబురు మీసం, మెడలో గొలుసు, దొరల పక్కన నిలబడేవాళ్ళకు నాటకాల్లో పెట్టేవన్నీ పెట్టాను.

చూపుల రోజు చెంచయ్య, ప్రసాద్‌లతో పాటు అరవై దాటిన ఒక ఆడమనిషి వచ్చింది. నలుపు, సన్నం, చేతులకు రెండేసి గాజులు. విగ్రహం పెట్టబోయే నాలుగు రోడ్ల కూడలిలోనే టిఫిన్ అంగడి నడుపుతుందని, పేరు సరోజమ్మ అని చెంచయ్య చెప్పాడు.

"ఆయన్ని దగ్గర్నించి చూసినోళ్ళు మా ఊర్లో ఇంక ఇద్దరమే మిగిలినాం ఆచారీ. నేనప్పుడు మరీ చిన్నోణ్ణి. ఈయక్కకైతే బాగా తెలుసు," అన్నాడు. చెప్పేటప్పుడు నేలచూపులు చూశాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మట్టిబొమ్మమీద కప్పిన తడి గోనెపట్టా తీశాను. ప్రసాద్ చప్పట్లు కొట్టాడు. సరోజమ్మ చాలాసేపు చూసి, "ఈ మనిషి కాదప్పా," అంది.

నాకు చిర్రెత్తింది. "ఏం తేడా ఉందమ్మా?" అన్నాను.

"ఇంత కోపం ల్యా. ఆ పొద్దు అలిసిపోయి ఉండాడు. కండ్లు ఇట్ల వాలిపోయి ఉన్న్యాయి. కింది పెదివి పగిలి ఉండాది. ఎండలో శానా దూరం నడిసొచ్చినోడి మాదిరి."

"ఏ పొద్దు?"

"మా నాయన్ని సంపిన పొద్దు."

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. సరుకుల ధర చెప్పినట్టు చెప్పింది.

"మజ్జాన్నం. మా నాయన కళ్ళంలో సెనక్కాయలు తూర్పారబడతా ఉండాడు. నలుగురొచ్చినారు. వాడు నన్ను నీళ్ళడిగినాడు. సెంబుతో ఇచ్చినా. తాగి, నీ పేరేంది పాపా అన్యాడు. సెప్పినా. ఇంట్లోకి పో తల్లీ అన్యాడు. నేను పోలా. గడ్డివామి పక్కన నిలబడుకోని సూస్తా ఉన్న్యా."

పనిముట్టు తీసుకుని మెట్టు ఎక్కాను. కనుబొమ్మల ముడి గీకేశాను. ఆమె కింద నిలబడి చెప్తూ పోయింది, నేను చేస్తూ పోయాను. రెప్పలు ఇంకొంచెం దించు. దవడ అంత బిగపట్టద్దు. గడ్డం అంత ఒత్తు ల్యా. నా నిప్పులన్నీ చెక్కు చెక్కుగా నేలమీద రాలాయి. వాటి కింద నుంచి నిద్రలేని, బక్కచిక్కిన, చెడ్డవాడిలా కనిపించని ఒక మనిషి బయటికొచ్చాడు.

"ఆ. వీడే," అంది సరోజమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

చెంచయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఈ మొగమే అక్కా. మాకు భూమిచ్చిన పొద్దు మొదటి సాలు ఆయనే దున్నినాడు. మా నాయనకి మేడి పట్టేదానికి సేతులు వణికినాయి. అప్పుడూ ఇట్లనే ఉండాడు, అలిసిపోయి."

ఒకే ముఖాన్ని ఇద్దరూ గుర్తుపట్టారు. అప్పటిదాకా నా పని బాగానే నడిచింది. అంతలో ఆమె చూపు గోడకు ఆనించిన మూడో పలకమీద పడింది.

"ఈ కూసోనుండేది మా నాయనా?"

నేను తల ఊపాను. సిగ్గేసింది.

"మా నాయనకి బొజ్జ ల్యా. పూట కూటికి లెక్కలు రాసుకునే మనిషికి గొలుసు యాడిదప్పా? మోకాళ్ళ మీద కూసోలా ఆయన. చేట సేతిలోనే ఉండాది." చెంచయ్య వైపు తిరిగింది. "బొమ్మ పెట్టుకోండి. పూలెయ్యండి, మొక్కండి. భూమి ల్యానోళ్ళకి భూములొచ్చినాయి, నాకు తెలవదా? ఇది మాత్రం వద్దు. నా అంగిడికి ఎదురుంగా మా నాయన్ని పొద్దస్తమానం దండం పెట్టిస్తా కూసోబెట్టద్దండి."

ఆమె రావడం దీనికోసమేనని అప్పుడు అర్థమైంది. అయినా ముందు ముఖం చెప్పి, తర్వాత అడిగింది. బేరం పెట్టలేదు.

ప్రసాద్ ఊరుకోలేదు. "అట్ల కుదరదు అవ్వా. ఆయన మనకి వీరుడా, హంతకుడా? ఏదో ఒకటి తేల్చుకోవాల గదా. ఈ పలక తీసేస్తే ఆయన తప్పు చేసినాడని మనమే ఒప్పుకున్నట్టు. ఇంతకీ మీ నాయన పోలీసోళ్ళకి చెప్పినాడా లేదా?"

"నాకు తెలవదు నాయనా. సెప్పినాడేమో, సెప్పలేదేమో. అడగడానికి ఆయన్ని ఉంచలేదు గదా."

నాకు రాజకీయాలు పట్టవు. కానీ ప్రసాద్ ఆమెను అడిగిన తీరుకు ఒళ్ళు మండింది. "ప్రసాదూ, ఈ పలక ఎవరూ చూసి చెప్పింది కాదు, నేను ఊహించి చేసింది. చూసిన మనిషి కాదంటుంటే నేను అచ్చు తీయను. కావాలంటే ఇంకొకరి దగ్గర చేయించుకోండి," అన్నాను.

"మీకెందుకు సార్ ఇది? మీరు బొమ్మ చేసేవాళ్ళు."

"అందుకే చెప్తున్నాను. బొమ్మ తప్పు."

చెంచయ్య ఇద్దరి మధ్యా నిలబడి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పాపం, ఆయన ఇరుకు ఆయనది. తన తండ్రికి భూమి ఇచ్చిన చెయ్యి, ఈమె తండ్రిని కాల్చిన చెయ్యి ఒకటే. "మట్టి తడిగా పెట్టు ఆచారీ. ఊర్లో మాట్లాడి చెప్తా," అని అందరినీ తీసుకుని వెళ్ళిపోయాడు.

రోజూ గోనెపట్టా తడిపి కప్పుతూ వచ్చాను. పని పోయినట్టేనని మా ఇంట్లో సణుగుడు మొదలైంది. కొన్నాళ్ళకు చెంచయ్య బస్సు దిగి ఒక్కడే వచ్చాడు.

"పలక మార్చు. మొదటి సాలు దున్నేది పెట్టు."

"కమిటీ ఒప్పుకుందా?"

"సగం మంది. ప్రసాదు నాతో మాట్లాడ్డంల్యా. అయినా పెట్టు. మా నాయన సేతులు వణికింది నేను సూసినా. అది పెడితే అబద్ధం కాదు."

ఆవిష్కరణకు నేనూ వెళ్ళాను. మైకులో మునిస్వామిని దేవుణ్ణి చేశారు. ద్రోహులను గురించి కూడా ఒకాయన గట్టిగానే అరిచాడు. పలక మారినంత మాత్రాన నోళ్ళు మారవు. సరోజమ్మ ఆ రోజు అంగడి మూయలేదు. సభ అయ్యాక నేను అక్కడే కూర్చుని దోసె తిన్నాను. బెంచీమీద కూర్చుంటే విగ్రహం ముఖం నేరుగా కనిపిస్తోంది. వాలిన రెప్పల చూపు సరిగ్గా ఆమె పెనం మీదికే ఉంది. నేను ఆ సంగతి ముందు ఆలోచించలేదు.

"రోజూ ఎదురుగా చూడాలంటే కష్టం కదమ్మా," అన్నాను.

ఆమె దోసె తిరగేసింది. "కష్టమే. ఇన్నేండ్లూ ఆ మొగాన్ని నేనొక్కదాన్నే సూస్తా ఉన్న్యా. ఇప్పుడు వాడు గూడా నన్ను సూడనీలే," అంది.

మునిస్వామి వీరుడో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్ళకు అదే చెప్తాను, కొందరికి కోపం వస్తుంది. నా పనిలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఏ కమిటీ వచ్చినా చూపుల రోజుకు వాళ్ళ నాయకుడి ఇంటివాళ్ళను, అభిమానులను తీసుకురమ్మని ఎప్పటిలాగే చెప్తాను. దానికి ఇంకొక మాట కలుపుతాను. ఆయనంటే గిట్టనివాళ్ళు మీ ఊళ్ళో ఎవరన్నా ఉంటే వాళ్ళనూ పిలుచుకుని రండి, ఆయన ముఖం వాళ్ళూ చూసినవాళ్ళే కదా అంటాను. పోయినేడాది ఒక కమిటీ ఆ మాట విని కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయింది. పోనీలెమ్మని నేను వెనక్కి పిలవలేదు.