ఎడమ తలుపు అమ్ముడుపోయింది

పోయిన గురువారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. మామయ్య ఫోన్ చేసేసరికి నేను రాయదుర్గం ఆఫీసులో, ఎవరికీ అక్కర్లేని ఒక మీటింగులో ఉన్నాను. "మీ అత్త పోయిందమ్మా, జర జల్ది రా" అన్నాడాయన, అంతే. లాప్‌టాప్ కూడా మూయకుండా లేచి వచ్చేశాను. కూకట్‌పల్లి దాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. ఆటో ఆయన అద్దంలోంచి చూసి పాటలు ఆపేశాడు.

అత్తమ్మ అనగానే వంట గురించి రాస్తాననుకుంటారేమో. ఆమెకు వంట సరిగ్గా రాదు. ఆ మాట ఆమే అందరికీ చెప్పుకునేది. ఉద్యోగమంతా ఒక తెలుగు పత్రిక ప్రకటనల విభాగంలో చేసింది. పొద్దున పేపరు రాగానే మేం వార్తలు చదివితే ఆమె ప్రకటనలు చదివేది. "గీ చీరల షాపాయన మళ్ల మూడో పేజీకి వచ్చిండు, పోయినసారి గిరాకీ అయినట్టే ఉన్నది" అంటూ టీ సాసర్‌లో పోసుకుని మురిసిపోయేది. శ్రద్ధాంజలి ప్రకటన ఇవ్వడానికి వచ్చినవాళ్లను మాత్రం కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చిన్న సైజు చాలని నచ్చజెప్పి పంపేదట. దుఃఖంలో ఉన్న మనిషికి పెద్ద సైజు అమ్మడం తన వల్ల కాదనేది. దీని మీద పైవాళ్లు చాలాసార్లు చీవాట్లు పెట్టారని మామయ్య ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు.

ఆమె నాకు చేసిన మేలు తెలియాలంటే మా కారు సంగతి చెప్పాలి. మేం నలుగురం ఐటీ ఉద్యోగులం. సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొని, డ్రైవరుది తప్ప లోపలి సీట్లు పీకేసి, ఇనుప చట్రం బిగించి, జీడిమెట్లలో ఒక కిరాయి షెడ్డులో పెట్టుకున్నాం. చెన్నై దగ్గరి ట్రాక్ మీద మాలాంటి అమెచ్యూర్లకు పోటీలు జరుగుతాయి, వాటికి వెళ్తాం. నడిపేది నేను, ఇంజన్ పని చూసేది శ్రీకాంత్. టైర్లు, ఎంట్రీ ఫీజు, కారును లారీ మీద తీసుకెళ్లే ఖర్చు, అన్నీ జీతాల్లోంచే. అందరి నడుములూ విరిగాయి. ఈ ఏడు స్పాన్సర్లు దొరక్కపోతే కారు అమ్మేద్దామని శ్రీకాంత్ తేల్చి చెప్పేశాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ సీట్లో కూర్చున్నప్పుడు తప్ప ఇంకెక్కడా నాకు సంతోషంగా ఉండేది కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, నిజంగానే.

సరే, ఐటీ బుద్ధి ఎక్కడికి పోతుంది? రంగురంగుల స్లైడ్లు చేసి మా చుట్టుపక్కల పెద్ద కంపెనీలన్నింటికీ పంపాం. ఒక్కరూ పలకలేదు. అప్పుడు రసీదు పుస్తకం ఒకటి అచ్చు వేయించి కేపీహెచ్‌బీ కాలనీలో దుకాణం దుకాణం తిరిగాం. ఎంత ఇవ్వాలని ఎవరైనా అడిగితే సిగ్గుపడి, మీకు తోచినంత ఇవ్వండి అనేవాళ్లం. ఒక మిఠాయి కొట్టాయన వంద రూపాయలిచ్చి, పాపం ఎండలో తిరుగుతున్నారని లడ్డూలు కూడా కట్టిచ్చాడు. ఆ లడ్డూలతోనే అత్తమ్మ ఇంటికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఏమే కోడలా, మీరు గణపతి చందా అడుగుతున్నరే," అంది. "చందా ఇచ్చినోడు దండం పెట్టి మర్చిపోతడు. రేటు చెప్పు. రేటు కట్టినోడైతే నా పేరు ఏడున్నదని రేపొచ్చి సూస్తడు."

ఆ ఆదివారమే గొడుగేసుకుని జీడిమెట్ల షెడ్డుకు వచ్చింది. అంతకుముందు ఏ కారునూ అంత దగ్గరగా చూసి ఉండదు. చుట్టూ తిరిగి, జానతో తలుపులు కొలిచి, బానెట్ మొదటి పేజీ అంది, తలుపులు మూడో పేజీ అంది. వెనక బంపర్‌కి ఎంత పెడదామంటే, దాన్ని మీ వెనక వచ్చేవాళ్లే కదా చూసేది, మీ వెనక ఎవరైనా వస్తారా అని అడిగింది. శ్రీకాంత్ మొహం మాడిపోయింది. అయినా అక్కడి నుంచి ఆమె చెప్పినట్టే చేశాం. సీజన్‌కి అయ్యే ఖర్చంతా కూడి, కారు మీది చోట్లకు పంచి, ఒక్కో చోటుకు ఒక్కో రేటు కట్టాం. చెన్నైలో పరిగెత్తే కారును కూకట్‌పల్లి దుకాణదారు ఎప్పుడు చూస్తాడు, అతనికేం లాభం అన్నది ఆమె అడిగిన అసలు ప్రశ్న. దానికి జవాబూ ఆమే చెప్పింది. చోటు కొన్నవాళ్ల దుకాణం ముందు వంతులవారీగా ఆదివారాలు మా కారు నిలబడాలి.

దుకాణాలకు మాతో వచ్చి ఆమే మాట్లాడేది. ఎవరైనా బేరమాడితే ఆమె పద్ధతి వేరు. రేటు తగ్గదు, చోటు తగ్గుతుంది. ఒక పళ్ల డాక్టరు గారు తలుపుతో మొదలుపెట్టి, గీచి గీచి బేరమాడి, చివరికి పక్క అద్దం వెనక తేలారు. ఆయనకూ నవ్వొచ్చింది.

బేరం ఆడనిది ఒక్కరే. అత్తమ్మ వాళ్ల సందు చివర కర్రీ పాయింట్ నడిపే సత్యవతి గారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నడిపేది ఈ అమ్మాయేనా మేడం గారూ అని అత్తమ్మను ఒక్కటే అడిగి, ఎడమ తలుపు తనకు రాసేయమన్నారు. ఆవిడ వంతు ఆదివారం కూరలకు వచ్చినవాళ్లంతా పొట్లాలు పట్టుకుని కారు పక్కన ఫోటోలు దిగారు. అత్తమ్మ గొడుగు కింద నిలబడి, పెళ్లి పెద్దలా అందరినీ పలకరించింది.

ఆ తర్వాతే నార్సింగిలో ఒక బిల్డరు కబురు పంపాడు. సీజన్ ఖర్చంతా ఒక్కడే భరిస్తాడట. అత్తమ్మను వెంటబెట్టుకుని ఎగురుకుంటూ వెళ్లాం. కారంతా తన అపార్ట్‌మెంట్ల పేరే ఉండాలన్నాడు. మిగతా చిన్నవాళ్లకు డబ్బులు వాపసు ఇచ్చేయండి, ముఖ్యంగా ఆ కూరల కొట్టు పక్కన నా పేరు బాగుండదు అన్నాడు.

"ఎడమ తలుపు అమ్ముడుపోయింది సార్," అంది అత్తమ్మ. "ఖాళీ ఉన్నకాడికి మీకిస్తం. అమ్మినయి అమ్మినయే."

ఆయన నవ్వి, ఇంకొంచెం పెంచాడు. ఆమె చేతిసంచీ సర్దుకుని లేచింది. బయటకు రాగానే శ్రీకాంత్ విరుచుకుపడ్డాడు. నాకూ ఒళ్లు మండింది. చేతికందిన సీజన్ అది. ఆమె మా ఇద్దరినీ చెప్పనిచ్చి, ఆ తర్వాత మెల్లగా అంది:

"రేపు ఇంకోడు ఎక్కువిస్తనంటే ఈయన పేరు గూడ పీకుతరా? మీ బండేం గెలిచే బండి కాదు బిడ్డా. పెట్టిన పేరు పీకరనే నమ్మకం తప్ప మీకాడ అమ్మనీకి ఏమున్నది?"

బిల్డరు దగ్గరకు మళ్లీ వెళ్లలేదు. ఉన్న డబ్బుతో సగం పోటీలకే వెళ్లగలిగాం. ఇంతలో అత్తమ్మ గుండె మొరాయించింది. దవాఖానలో మంచం మీద కూడా, చివరి రేసులో ఎన్నోదానివొచ్చినవే అని అడిగింది. చివరి నుంచి రెండో స్థానం అని చెప్పాను. వెనక బంపర్ రేటు పెంచమంది. ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆమె పోయాక వచ్చిన ఆదివారమే సత్యవతి గారి వంతు. ఈసారికి రావద్దని ఆవిడే ఫోన్ చేశారు. మామయ్య మాత్రం వెళ్లమన్నాడు, వస్తున్నామని ఆవిడకు చెప్పాను. శ్రీకాంత్ కూడా వచ్చాడు. వచ్చే ఏడు ఇంత తిరగడం మన వల్ల కాదు, అమ్మడమే మంచిది, ప్రకటనకు కారు ఫోటోలు తీసుకుంటానని దారిలో చెప్పాడు. అత్తమ్మ లేకుండా దుకాణాల మెట్లెక్కి ఎవరు మాట్లాడతారు? నేనూ కాదనలేకపోయాను.

కారు ఎప్పటిలాగే రోడ్డు వైపు తిప్పి నిలబెట్టాం. సత్యవతి గారు స్టూలు తెచ్చుకుని ఎడమ తలుపు పక్కన కూర్చున్నారు. కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నారు:

"వచ్చే ఏడు కూడా ఈ తలుపు నాకేనండీ. రేటెంతో చెప్పండి."

ఫోటోలకని బయటకు తీసిన ఫోను శ్రీకాంత్ జేబులో పెట్టేసుకుని, తనే చెప్పాడు. ఈ ఏటి కన్నా కొంచెం ఎక్కువే చెప్పాడు. ఆవిడ సరేనని తలూపారు.

అప్పుడు గమనించాను. చేతుల్లో ఖాళీ డబ్బాలతో జనం కొట్టు దాకా వస్తున్నారు, మా వెనక ఏదో చదువుతున్నారు, వెనుదిరిగి వెళ్లకుండా కారు దగ్గరకొచ్చి కాసేపు నిలబడుతున్నారు. తిరిగి చూశాను. వారం మొత్తంలో బాగా గిరాకీ ఉండే రోజున షట్టర్ దించేసి ఉంది. దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: "మేడం గారు పోయారు. ఈ రోజు కూరలు లేవు. కారు ఉంటుంది."