దండ నిలవని మెడ

డెబ్బైలలో విజయవాడలో, ఏలూరు కాలవ పక్కన రేకుల షెడ్డులో నేను నాయకుల విగ్రహాలు చేసేవాణ్ణి. చెయ్యడం అని గొప్పకి అంటున్నాను గానీ, ఒంటికంతా ఒకటే అచ్చు: పంచె, కండువా, ముందుకు చాచిన చెయ్యి. అందులో సిమెంటు పోసి, పైన తల మార్చేవాణ్ణి. జిల్లాలో ఎన్ని సెంటర్లలో ఒకే భుజాలు నిలబడి ఉన్నాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. పొద్దున్నే షెడ్డు తాళం తియ్యాలంటేనే ఒళ్ళు బరువెక్కేది.

అలాంటి రోజుల్లో చల్లపల్లి అవతల ఒక ఊరినుంచి విగ్రహం కమిటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ ఊరి డాక్టరు గారు పోయారు. సముద్రం ఒడ్డు పల్లెలకి సైకిల్ మీద వెళ్ళి వైద్యం చేసిన మనిషి. ఫొటో చేతిలో పెట్టి, మామూలుగానే చెయ్యమన్నారు. వెంట వచ్చిన డాక్టరు గారి భార్య మాత్రం ఆరుతున్న విగ్రహాల మధ్య తిరిగి చూసి, నా దగ్గరికి వచ్చారు.

"ఆయన ఇలా ఛాతీ విరుచుకుని ఎప్పుడూ నిలబడలేదండీ. పల్లెల్లో తాటాకిళ్ళ చూరు కింద వంగి వంగి మెడ అలాగే ఉండిపోయింది. ఆయన్ని ఆయనలాగే చెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఎన్నాళ్ళకో ఒక మనిషిని చెయ్యమని అడిగారు. అచ్చు పక్కకి నెట్టి, మట్టితో కొత్తగా మొదలుపెట్టాను. మెడ ముందుకు వాలి, ఎదుటివాళ్ళ మాట వింటున్నట్టు వచ్చింది. ఆ పనిలో అలసట లేదంటే అబద్ధం. ఉంది గానీ, బాధపెట్టలేదు.

కమిటీ ప్రెసిడెంటు గారు చూసి తల గోక్కున్నారు. "మెడ వంగితే దండ ఎలా నిలుస్తుందండీ?"

నవ్వి, ఆ మట్టి బొమ్మకి అచ్చు తీసి సిమెంటు పోశాను. ఆయన అన్నదే నిజమైంది. ఆవిష్కరణ రోజు మంత్రి గారు నిచ్చెనెక్కి వేసిన దండ ఆ మెడ మీంచి జారి, దిగుతున్న మంత్రి గారి నెత్తినే పడింది. జనం గొల్లున నవ్వారు. మళ్ళీ వేశారు, మళ్ళీ జారింది. మా వైపు విగ్రహం పెట్టేదే ఏటేటా వర్ధంతికి దండ వెయ్యడానికి. ఊరి పరువు పోయిందని, మెడ సరిచెయ్యమని ప్రెసిడెంటు గారు పట్టుబట్టారు. నా వల్ల కాదని చెప్పి బస్సెక్కేశాను. వాదించే ఓపిక లేదు.

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద ఆ ఊళ్ళో దిగి చూద్దును కదా, ఎవరో తాపీ మేస్త్రీ మెడ కోసి, తల నిటారుగా అతికాడు. పైన వెండి రంగు కొట్టారు. దండ ఛాతీ మీద బుద్ధిగా కూర్చుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

డాక్టరు గారి భార్య కూరల సంచీతో ఎదురొచ్చారు. కోపం ఎవరిమీద చూపాలో తెలియక, "మీరైనా వద్దని చెప్పలేకపోయారా అమ్మా?" అన్నాను.

"చెప్పానండీ. ఆయన మీ ఒక్కరి మనిషి కాదమ్మా, ఊరందరి మనిషి అన్నారు కమిటీ వాళ్ళు." ఆవిడ విగ్రహం వైపు చూడలేదు. "పోన్లెండి. మేస్త్రీ వచ్చేదాకా ఆ నాలుగు రోజులూ ఆయన ఇక్కడే ఉన్నారు. పొద్దునా సాయంత్రం వచ్చి, ఆ మెట్టు మీద కూచుని ఇంటి సంగతులన్నీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఈయనెవరో పెద్దమనిషి. ఈయన ముందు కూచోవాలంటే నాకు మొహమాటంగా ఉందండీ."