చెరువులో ఇద్దరం మునిగాం

ఈ సంగతి మా సంఘంలో ఎవరిని అడిగినా నవ్వి తప్పించుకుంటున్నారు. అందుకే ఈ పేజీకి రాస్తున్నాను.

మాది అత్వెల్లిలో చిన్న బాప్టిస్టు సంఘం. పోయిన వేసవిలో నా బాప్తిస్మం కోసం అందరం శామీర్‌పేట చెరువుకు వెళ్లాం. నడుములోతు నీళ్లలో పాస్టరు గారు నా వీపు కింద చెయ్యి వేశారు. ముంచేటప్పుడు అనాల్సిన ప్రార్థన మాట ఇంకా నోట్లోంచి రానేలేదు, ఆయన కాలు బురదలో జారింది. ఇద్దరం మునిగాం! ముక్కులోకి, నోట్లోకి నీళ్లే. ప్రాణం పోయిందనుకున్నాను.

ఒడ్డున మా అవ్వ, "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున! జల్దీ లేపుండ్రి నా మనుమన్ని!" అని అరిచిందట. సంఘమంతా "ఆమేన్" అన్నారట. నన్నెవరూ లేపలేదు. నేనే లేచి, పాస్టరు గారిని చొక్కా పట్టుకుని పైకి లాగాను.

ఆయన దగ్గుతూనే, "గిది చెల్లదు తమ్మీ. ఆ మాట నేననాలె" అన్నారు.

"వాడు మునిగిండు, మీరు గూడ మునిగిండ్రు. ఇంకేం గావాలె అయ్యగారూ?" అంది అవ్వ. ఒడ్డంతా ఒకటే నవ్వు.

మళ్లీ మునిగితేనే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తానన్నారాయన. మునగనన్నాను. నాగారంలో మా మామ వాళ్ల సంఘంలోనైతే పెద్దలెవరైనా బాప్తిస్మం ఇస్తారు. మా దగ్గర అన్నీ పాస్టరు గారే. అప్పటినుంచి రొట్టె పళ్లెం నన్ను దాటి అవ్వ దగ్గరికి వెళుతోంది. ఆమె నా వైపు చూసి, కళ్లు తుడుచుకుని తీసుకుంటుంది.

సంఘమంతా ఆమేన్ అన్నాక కూడా నా బాప్తిస్మం చెల్లదా? మా పాస్టరు గారైతే చెల్లదనే అంటున్నారు; ఇది చదివే సంఘ పెద్దలెవరైనా అవునో కాదో ఇప్పుడైనా చెప్పండి.