మన భాషలో రాసిచ్చిన కాగితం

కరోనా సద్దుమణిగాక, ఉద్యోగ విరమణకు కొంతకాలం ముందు, నన్ను తమిళనాడు ధర్మపురిలోని ఒక ఆసుపత్రికి చిన్నపిల్లల గుండె వైద్యురాలిగా వేశారు. మాది కడప. తమిళం అర్థమయ్యేది గాని నాలుక తిరిగేది కాదు. అందుకే పాలకోడు దగ్గరి పల్లె నుంచి టమోటా రైతు మునిరాజు, అతని భార్య లక్ష్మి తమ ఎనిమిది నెలల కూతురు గౌరిని తెచ్చి తెలుగులో మాట్లాడితే నాకు ప్రాణం లేచొచ్చింది.

పాపకు గుండె కండరం సడలిపోయి, ఒంటికి రక్తాన్ని పంపే ఎడమ గది బాగా ఉబ్బి ఉంది. మందులతో నెట్టుకొస్తున్నాం గాని అవి చాలడం లేదు. అలాంటి పసిపిల్లలకు శస్త్రచికిత్సలో ముఖ్యంగా మూడు దారులు. ఊపిరితిత్తులకు పోయే ధమని చుట్టూ పట్టీ బిగించడం ఒకటి. అప్పుడు కుడి గదిలో ఒత్తిడి పెరిగి మధ్య గోడను ఎడమవైపుకు నెడుతుంది. ఉబ్బిన గది కాస్త ఆకారానికి వచ్చి, కొందరిలో గుండె తేరుకుంటుంది. అయితే కుడి గది బలంగా ఉంటేనే ఆ పని చేయాలి. రెండోది, ఒంటి బయట పంపు పెట్టి రక్తాన్ని తిప్పడం. చివరిది గుండె మార్పిడి. పసిబిడ్డకు సరిపోయే గుండె మరో పసిబిడ్డ నుంచే రావాలి కనుక, పంపు మీద ఎదురుచూపే ఎక్కువ.

గౌరి కుడి గది బాగుంది. బెంగళూరు సర్జన్ పట్టీకి ఒప్పుకుని మూడు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఈలోగా మందులెలా వేయాలో మాత్రం నోటితో చెప్పి, చూసుకోవలసినవన్నీ తెలుగులో రాసిచ్చాను. డాక్టర్ల రాత కొక్కిరిగీతలని పేరు. ఆ రోజు మాత్రం ముత్యాల్లా రాశాను, కొంచెం గర్వంగానే. మొహం, పొట్ట ఉబ్బినా, మూత్రం తగ్గినా తేదీ కోసం ఆగకుండా అదే రోజు రావాలన్నది అందులో అసలు మాట. మునిరాజు కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. అర్థమైందా అంటే తలూపాడు.

ఆపరేషన్ ముందురోజు బెంగళూరు పోతూ నా దగ్గరికి వచ్చారు.

"పాప తేరినాది డాక్టరమ్మా, బుగ్గలు వచ్చినాయి చూడండి" అంది లక్ష్మి నవ్వుతూ.

పాప బుగ్గ నొక్కి చూశాను. అది కండ కాదు, నీరు. ఎన్నాళ్లైందంటే పది రోజులంది. ఎకో తీస్తే కుడి గది కూడా నీరసించింది. పట్టీ ఇక కుదరదని సర్జన్ ఫోన్‌లో చెప్పారు.

రాసిచ్చానే, చదవలేదా అని కసిరాను. మునిరాజు తల దించుకున్నాడు.

"ఇంట్లో మాట్లాడేది తెలుగే అమ్మా. చదివింది తమిళం, తెలుగు ఎళుత్తు, అదే అచ్చరం, మా ఊర్లో ఎవురికీ రాదు. మీరు అంత ఆశగా మన బాసలో రాసిస్తిరి, రాదని ఎట్ల చెప్పేది? దేవుని పటం కింద పెట్టినాము."

గౌరిని చెన్నైకి పంపి పంపు పెట్టించాం. మార్పిడికి పేరు రాయించాం. గుండె దొరకలేదు. మూడో వారంలో పాప పోయింది. పట్టీ వేసి ఉంటే బతికేదా అంటే చెప్పలేను. వేసినా కొందరు దక్కరు. ఆ అవకాశం పోవడానికి కారణం మాత్రం నేనే. మునిరాజు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

అర్థమైందా అని డాక్టర్ అడిగితే ఎవరైనా అవుననే అంటారు. ఏం కనిపిస్తే బిడ్డను ఎత్తుకుని పరుగెత్తి వస్తారో మీరే చెప్పండి అని అడగాలి. దానికి ఒక్క నిమిషం చాలు. గౌరి తల్లిదండ్రులకు ఆ నిమిషం నేనివ్వలేదు.