బళ్ళారికి పోయిన ఆఖరి పేజీలు

కరెంటు పోయినప్పుడు పెద్ద యంత్రం వెంటనే ఆగిపోదు. తన బరువుతో తానే మరికొంతసేపు తిరుగుతుంది. మోత మూలుగవుతుంది, మూలుగు గరగర అవుతుంది, చివర ఒక్క కుదుపు. అనంతపురంలో నేను పనిచేసే మోటార్ల షెడ్డులో పోయిన వారం మధ్యాహ్నం అలాగే జరిగింది. ఆ కుదుపు తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో నాకు తడిసిన నాపరాయి వాసన తగిలింది. మా షెడ్డులో రాయి లేదు, తడి అంతకన్నా లేదు. అయినా నా చెయ్యి పక్కనున్న బల్ల మీద ఒక పుస్తకం కోసం తడిమింది. దేవదానం మేస్త్రీ పోయి ఇన్నేళ్ళయినా, కరెంటు పోగానే నాకు వినిపించేది ఆయన గొంతే: "యాడ ఆపినాం?"

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మెకానికల్ డిప్లొమా ముగించి తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేరాను. నా పనిలో మూడు భాగాలు: బండలు కొలవడం, నంబర్లు వెయ్యడం, లోడు కట్టించడం. పాలిష్ అయిన ముఖాలు ఒకదానికొకటి రాసుకుంటే గీతలు పడతాయి కాబట్టి రెండు బండల మధ్య పాత కాగితం పెట్టాలి. ఆ కాగితం బెంగళూరు నుంచి కట్టలుగా వచ్చేది. అందులో పరీక్ష పేపర్లు, క్యాలెండర్లు, ఆఫీసు ఫారాలు, వాటి మధ్య అట్టలూడిన ఇంగ్లీషు నవలలు ఉండేవి. దేవదానం మేస్త్రీ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, కట్టలు విప్పి, నవలలు ఏరి తన గూట్లో దాచేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ గుండీలన్నీ పెట్టుకున్న చొక్కాతో ఉండేవాడు. మిషన్ హాస్టల్లో పదో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే బండల అంచులు కోశాడు. నీళ్ళు పొయ్యకుండా, పొడి కోత. తాగడానికే ట్యాంకరు కోసం ఎదురుచూసే చోట అంచులకు నీళ్ళెవరు పోస్తారు? ఆ సంగతి అప్పట్లో నాకు ఆయన అనుభవం గురించిన ఒక వివరంలాగే తోచింది.

మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు కోత. యజమాని ఆ రెండు గంటలూ తిట్టుకుంటూ గడిపేవాడు, మేము దాని కోసం కాచుకుని ఉండేవాళ్ళం. యంత్రాలు ఆగి, కనుబొమల మీద తెల్లటి దుమ్ముతో అందరూ బండల వరసల నీడలో చేరితే, మేస్త్రీ నవల తీసి, వేలుతో వాక్యం వెంబడి నడుస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. తెలియని మాట వస్తే ఆగేవాడు కాదు. "ఇదేదో తుపాకీ. పేరు నోరు తిరగదు గానీ, గట్టిగా పేలతాది" అని ముందుకు సాగేవాడు.

అన్నిటిలోకీ మమ్మల్ని పట్టుకున్నది మూడు భాగాల యుద్ధం కథ, భాగానికొక పుస్తకం. ఎక్కడో నీళ్ళు లేని ఎర్రటి గ్రహం. ఇరవై అడుగుల ఇనుప యంత్రాలు కాళ్ళ మీద నడుస్తాయి, లోపల మనిషి కూర్చుని నడుపుతాడు. మొదటి పుస్తకం వెనక కొన్ని పట్టికలు ఉన్నాయి. అవి చూసి నేనే కనిపెట్టాను, ఈ కథ ఒక ఆటలోంచి వచ్చిందని. బొమ్మ సైనికుల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి ఆడే ఆట. ఏ యంత్రానికి ఎంత బలం, ఏ అంకె పడితే ఏ తుపాకీ మొరాయిస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి.

"అంటే పులిజూదమే కదన్నా," అన్నాడు కటింగ్ మిషను నడిపే హుసేను. "మేకలెవరో ముందే చెప్పు. వాళ్ళమీద ఆశ పెట్టుకోకుండా ఉంటా."

రాతిముక్కలు మోసే లక్ష్మీదేవక్కకు కథలోని ఇంగ్లీషు పేర్లు నచ్చలేదు. దళాన్ని నడిపే ఆడ కెప్టెన్‌కు రాణెమ్మ అని, పాత యంత్రాన్ని రిపేరు చేసుకుంటూ నడిపే ముసలి మెకానిక్కుకు ఓబన్న అని తనే పేర్లు పెట్టింది. గ్రహం వర్ణన విని, "ఆకాశం దాంక ఎందుకు పోయినారప్పా వీళ్ళు? గుత్తి దావలో దిగింటే సరిపోయుండు కదా" అంది.

మేస్త్రీ దగ్గర ఒక నియమం ఉండేది. చదవడం అయ్యాక ప్రతి ఒక్కరూ అభిప్రాయం చెప్పాలి. నేను రాసుకోవాలి. నంబరు, పేరు, అభిప్రాయం అని మూడు గడులు గీసి ఒక నోటుపుస్తకం పెట్టాను. మొదటిరోజు హుసేను "బాగుండాది" అంటే మేస్త్రీ నా పెన్ను పట్టుకుని ఆపాడు. "అది అభిప్రాయం కాదప్పా, మొహమాటం. యాడ తగిలిందో చెప్పు." ఆ తర్వాతి పేజీలు తిరగేస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పన్నెండో నంబరు, లక్ష్మీదేవక్క: ఇంతమంది యుద్ధం చేస్తాండారే, నీళ్ళు మోసేదెవరో యాడా రాయలేదు. పంతొమ్మిది, హుసేను: శత్రువు మంచి మిషను వాడతాండాడు, నాకు ఆ పక్క చేరాలనుండాది.

నా అభిప్రాయాలు జాబితాలుగా ఉండేవి. ఇరవై అడుగుల యంత్రం మోకాలి కీలు అంత బరువు మొయ్యదు. ఆ వేడికి నూనె పలచబడుతుంది. మూడో అధ్యాయంలో ఆరు గుండ్లు పేల్చాక ఏడోది ఎక్కడిది? అన్నీ విని ఒకరోజు మేస్త్రీ నవ్వాడు. "నువ్వు మిషను సంగతి బాగా చెప్పినావు. లోపల కూర్చున్నోని సంగతి ఎప్పుడు చెప్తావు?"

నాకు అర్థం కాలేదు. తప్పు పట్టడమే చదవడం అనుకునే వయసు నాది.

రెండో భాగం మధ్యలో ఆయన దగ్గు ముదిరింది. ముందు క్షయ అని ఆరు నెలలు మాత్రలిచ్చారు. తర్వాత పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే చూసి, క్షయ కాదు, రాతిదుమ్ము అన్నారు. దానికి మాత్రలు లేవు. మరునాడు పనిలోకి వచ్చి మాకు ఆయనే చెప్పాడు: "లోపల బండ తయారైతాండాదంట. పాలిష్ పట్టేదొకటే తక్కువ." హుసేను నవ్వబోయి ఆగిపోయాడు. ఆ మధ్యాహ్నం చదువుతూ చదువుతూ ఆయన వాక్యం సగంలో నిలిచిపోయి, పుస్తకం నా వైపు తోశాడు. అప్పటినుంచి నేనే చదివాను. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. దగ్గు వస్తే నేను ఆగేవాణ్ణి, తగ్గాక మొదలుపెట్టేవాణ్ణి. ఆగిన ఆ కాస్సేపూ మర్యాదకు పుస్తకంలోకే చూస్తూ ఉండేవాణ్ణి.

మూడో భాగం సగానికి వచ్చేసరికి ఆయన మంచం పట్టాడు. ఆదివారాలు మేం ముగ్గురం ఆయన ఇంటికి వెళ్ళి చదివేవాళ్ళం. కథలో నీళ్ళబండ్లు కనుమ దాటాలి. అవి దాటేదాకా ఓబన్న తన పాత యంత్రంతో దారి కాయాలి. యంత్రానికి నిప్పంటుకుంది. లోపలంతా పొగ. ఓబన్న తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. అక్కడ పేజీ ముగిసింది.

"ఇయ్యాళ్టికి చాలు," అన్నాడు మేస్త్రీ. "బయటికొస్తాడో లేదో, వారమంతా తలుచుకుంటా ఉంటా."

ఇంటికొచ్చి పేజీ తిప్పితే తర్వాత ఏమీ లేదు. కుట్టు తెగిన దారం మాత్రం ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడో పుస్తకం వచ్చిన రోజు లోడు తొందరలో ఉంది. మేస్త్రీ ఆసుపత్రికి వెళ్ళాడు. కట్ట మీద విడిగా పడివున్న పదహారు పేజీల గుత్తిని తీసి, కాగితం కాగితంగా బండల మధ్య పెట్టింది నేనే. రిజిస్టరు చూశాను. లోడు బళ్ళారికి పోయింది. అక్కడి దుకాణానికి ఫోను చేస్తే ఎవరో ఎత్తి, "బండల మధ్య కాయితమా? దానికి ఫోనా?" అని పెట్టేశారు.

ఆయనకు నిజం చెప్పి ఉండవలసింది. చెప్పలేకపోయాను. మంగళవారం లక్ష్మీదేవక్క కబురు తెచ్చింది: "ఓబన్న బయటికొచ్చినాడా, ఒక్క మాట కనుక్కోనిరమ్మన్నాడు." ఆదివారం చదువుదాం అన్నాను. ఆ వారం కూర్చుని పదహారు పేజీలు నేనే రాశాను. తెలుగులో, లెక్క తప్పకుండా. గడియ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటుందో, తలుపు ఎత్తు ఎంతో, నీళ్ళబండ్లు ఎన్ని నిమిషాల్లో కనుమ దాటాయో అన్నీ రాశాను. ఓబన్న బయటికి దూకాడు. నడిచి వెళ్ళి రాణెమ్మకు సలాం చేసి, చివరి బండి దాటిందని చెప్పాడు. ఆ కాగితాలు పుస్తకంలో పెట్టుకుని, చదువుతున్నట్టే చదివాను.

లక్ష్మీదేవక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ రాసినోడు ఎవురో గానీ, కడుపు చల్లగుండ." హుసేను, ఒక మేక బతకడం తన జన్మలో మొదటిసారి చూశానన్నాడు. రాసుకున్నాను. ఎనభై అయిదు, ఎనభై ఆరు. మేస్త్రీ తన అభిప్రాయం తర్వాత చెప్తానన్నాడు. వాళ్ళిద్దరూ వెళ్ళాక నన్ను కూర్చోమన్నాడు.

"ఆ కాయితాలు యాడికి పోయినాయప్పా?"

చెప్పాను. బళ్ళారి అనగానే ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. మంచం పట్టె పట్టుకుని, ముందుకు వంగి, మెడ నరాలు ఉబ్బి, ఎంతసేపో. నేను ఎప్పటిలాగే పుస్తకంలోకి చూశాను. తగ్గాక ఆయన గొంతు నూలుపోగులా వచ్చింది.

"కోపం లేదులే. బాగా రాసినావు. రాసుకో, నా అభిప్రాయం." ఊపిరి కూడదీసుకున్నాడు. "అంత పొగలోనుంచి వచ్చినోడు ఒక్కసారి గూడా దగ్గలే. సలాం చేసినాడు, మాట్లాడినాడు, నడిచిపోయినాడు. దగ్గలే. ఆడనే నాకు నమ్మకం పోయింది."

ఎనభై ఏడు అని నంబరు వేశాను. పక్కన ఆయన పేరు రాశాను. మూడో గడి నింపుతుంటే అక్షరాలు కనపడలేదు.

"సచ్చింటే గూడా నమ్మేవాణ్ణి," అన్నాడు. "నన్ను చూసి బతికించినావు. అది తెలుస్తానే ఉండాది. దానికేం లేదు. మళ్ళా రాసేటప్పుడు నన్ను సరిగ్గా చూసి రాయి."

మళ్ళీ రాసేంత వ్యవధి దొరకలేదు. పంతొమ్మిదో రోజున ఆయన పోయాడు. ఆ మధ్య ఒక ఆదివారం వెళ్ళాను, కానీ అప్పటికి ఆయన మాట్లాడే స్థితిలో లేడు. చదవడానికి కూడా ఏమీ లేదు.

ఈ మధ్య ఆ మూడు నవలల మీద పాఠకులు రాసిన అభిప్రాయాలు కంప్యూటర్లో కనబడ్డాయి. అచ్చం నా పాత జాబితాలే. కీళ్ళు అంత బరువు మొయ్యవని ఒకరు, పాచికల లెక్క ప్రకారం ఆ తుపాకీ పేలకూడదని మరొకరు. కొందరు ఊరికే బాగుందన్నారు. ఆఖరి పేజీల్లో ఏం జరిగిందో వాళ్ళందరికీ తెలుసు. ఇంకాస్త కిందికి జరిపితే నాకూ తెలిసేది. జరపలేదు. ఆయనకు తెలియనిది నాకు మాత్రం ఎందుకు?

నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. నేను రాసిన పదహారు పేజీలూ అందులోనే ఉన్నాయి. ఓబన్న తలుపు తోసుకుని బయటపడే చోటును దిద్దాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. దగ్గాడు అని ఒక్క మాట రాస్తే సరిపోదు. దేన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఎంతసేపటికి తల ఎత్తాడు, ఎవరైనా నీళ్ళిస్తే అవి గొంతు దిగాయా, ఇవన్నీ మేస్త్రీ అడుగుతాడు. నాకు మంచం పట్టె గుర్తుంది, మెడ నరాలు గుర్తున్నాయి. ఆ తర్వాత పుస్తకంలోని అక్షరాలే గుర్తున్నాయి. అన్ని నెలలు ఆ దగ్గు పక్కనే కూర్చున్నాను, అది వచ్చిన ప్రతిసారీ తల దించుకున్నాను. అందుకే దిద్దుదామని చెరిపేసిన ఆ చోట నాలుగు పంక్తులు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి.