జీలకర్ర దంచే మిర్సీనీ

“మనం యూరప్ వాళ్ళం, మిర్సీనీ! మాంసం ఉండల్లో ఈ ఆసియా జీలకర్రేంటి?”

“అయితే పోయి నీ యూరప్‌నే వండి పెట్టమను, పనాయో!”

గ్రీసు దీవిలోని మా మితిలీనీ రేవు వీధిలో ఈ గొడవ రోజూ ఉండేదే. తిట్లు తిన్నాక కూడా రిటైరైన పంతులు పనాయోస్ సిగ్గు లేకుండా రెండో పళ్ళెం అడుగుతాడు. ఎనభై ఏళ్ళ మిర్సీనీ వాకిట్లో పొట్టి కుర్చీ వేసుకుని, రోట్లో జీలకర్ర దంచుతూ, సముద్రానికి అటుపక్క కనిపించే టర్కీ కొండల్ని తిడుతుంది. వాళ్ళమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, యుద్ధంలో టర్కీ వాళ్ళు గ్రీకుల్ని తరిమేస్తే, అక్కడి ఆయ్‌వాలీ ఊళ్ళో ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయి వచ్చింది. తిట్లు మాత్రం టర్కీ భాషలోనే. వాళ్ళను వాళ్ళ భాషలో తిడితేనే తగులుతుందట.

మొన్న పడవ దిగి వెళ్తున్న ఒక టర్కీ ఆవిడ ఆ తిట్లు విని ఆగిపోయి పడీపడీ నవ్వింది. “మా నాయనమ్మ అచ్చం ఇలాగే తిట్టేది, పిన్నీ” అంది. మిర్సీనీ ముఖం కందిపోయింది. లోపలికెళ్ళి మాంసం ఉండల పళ్ళెం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ తిని, “బాగుంది గానీ, జీలకర్ర కాస్త తగ్గింది” అంది. పనాయోస్ ఊపిరి బిగబట్టాడు. మిర్సీనీ మళ్ళీ రోలు ముందేసుకుని ఇంకో గుప్పెడు జీలకర్ర పోసింది.

నేను ఆయ్‌వాలీ వెళ్ళొచ్చే పడవలో తాళ్ళు కడతాను. ఆ సాయంత్రం మిర్సీనీ నన్ను దగ్గరికి పిలిచింది.

“రేపు అటు వెళ్తావుగా? ఇప్పుడు మసీదైన చర్చి వెనకే మా అమ్మ ఇల్లు. చూసి రారా. అందులో ఉన్నవాళ్ళు దుర్మార్గులైతే వచ్చి చెప్పు. మంచోళ్ళైతే మాత్రం నాకు చెప్పకు. ఈ వయసులో తిట్టడం మానుకోలేను.”